చేదు చేతులు

కషాయం పిండే రోజుల్లో కట్టమ్మ చెంచాతో అన్నం తింటుంది. మూటకట్టిన వేపగింజల పొడిని పొద్దు పొడవకముందు నుంచి పిండీ పిండీ చేతుల తోలులోకి చేదు దిగిపోతుంది. సబ్బు పెట్టినా, చింతపండుతో రుద్దినా, బూడిదతో తోమినా పోదు. ఆ చేత్తో కలిపితే పప్పన్నం కూడా గొంతు దిగదు. అందుకే ఆమె టిఫిన్ డబ్బాలో ఒక స్టీలు చెంచా ఎప్పుడూ ఉంటుంది.

"ఆఫీసరమ్మ చెంచ తీసింది. కుర్చీ, టేబులు ఏపియ్యాల్నా?" అంది మల్లక్క, తన ముద్దను తానూ చెంచాతోనే తీసుకుంటూ.

"ఏపియ్యి. నీళ్లిచ్చెటందుకు ఒక మనిషిని గూడ పెట్టు."

ఎర్రకుంటపల్లె చివర రేకుల షెడ్డులో పనిచేసే ఐదుగురు ఆడవాళ్లూ నవ్వారు. వాళ్ల వెనక నీలం డ్రమ్ముల్లో కషాయం పలుచని చాయ్ రంగులో నిండుగా ఉంది. వేసవి చివర చెట్ల కింద ఏరి, నీడలో ఆరబెట్టి, రోట్లో దంచిన గింజలు. అయిదు కిలోల పొడి గుడ్డలో కట్టి రాత్రంతా నానేస్తారు. తెల్లారి పదిహేనుసార్లు పిండుతారు. తక్కినవాళ్లు పదిసార్లు చాలంటారు గానీ కట్టమ్మ ఒప్పుకోదు. వడగట్టి, సబ్బుపొడి కలిపాక ఒక మిరపాకు తెంపి అందులో ముంచి పైకి పట్టుకుంటుంది. నీళ్లు చుక్కలై జారిపోతే ఇంకో గుప్పెడు సబ్బుపొడి. ఆకంతా పరుచుకుంటేనే క్యాన్లలో పోయనిస్తుంది. పొద్దున పిండింది పొద్దుగూకేలోపు చేలో పడాలి, కాబట్టి పదింటికల్లా ఆటో రావాలి. ఈ నాలుగేళ్లలో సంఘం రైతులెవరూ కట్టమ్మ క్యాను పలుచగా ఉందని అనలేదు.

షెడ్డు ముందు నుంచి మొగిలి సైకిలు మీద పోతున్నాడు. వంచిన తల ఎత్తలేదు. అతని ఎకరన్నర మిరపతోటకు ఇదొక్కటే దారి.

"పోతాండు సూడు. సంచిల ఏం డబ్బ దాస్కపోతాండో," అంది మల్లక్క, అతనికి వినబడేటట్టే.

సైకిలు ఆగలేదు. కట్టమ్మ కూడా ఆపలేదు.

ఆ ఎత్తిపొడుపు వెనక నెల కిందటి సంగతి ఉంది. రసాయన మందులు ముట్టబోమని రాసిచ్చిన మిరప రైతుల సంఘంలో మొగిలి మొదటి నుంచీ ఉన్నాడు. మిరపాకును కిందికి ముడుచుకునేట్టు చేసే, కంటికి ఆనని నల్లి అనే పురుగును తినే మరో నల్లి ఉంటుంది. దాన్ని మిత్రనల్లి అంటారు. మడికొండలో సంఘం అద్దెకు తీసుకున్న ఇంట్లో వాటిని పెంచి, తవుడులో కలిపి డబ్బాల్లో రైతులకు ఇస్తారు. మొగిలి తోటలో రెండుసార్లు వదిలారు. రెండుసార్లూ పదిహేను రోజుల్లో మాయమయ్యాయి. దొంగచాటుగా ఏదో మందు కొట్టాడన్నారు. కట్టమ్మ కషాయం తప్ప చుక్క కొట్టలేదని అతను మీటింగులో ఒట్టేశాడు. అప్పుడు లేచింది కట్టమ్మే. "నా కషాయం మీద పెడ్తానవా అన్నా? అది తల్లిపాల అసొంటిది. దాంతోని ఏదీ సావది," అంది. ఆ మాటతో అతని పేరు కొట్టేశారు.

చేతిసంచిలో ఫోను మోగింది. కట్టమ్మ మోచేత్తో సంచి దగ్గరికి లాక్కుని, చిటికెన వేలితో నొక్కింది. కూతురు తిరుమల. జువాలజీలో డిగ్రీ చేసి ఏడాది నుంచి ఆ మడికొండ ల్యాబులోనే పనిచేస్తోంది.

"అమ్మా, నీ కషాయం పాసైంది. మిత్రనల్లులు వందల తొంభై మూడు బతికినయి. ఉత్త నీళ్లు కొట్టిన కాడ తొంభై ఎనిమిది. పెద్ద తేడానే లేదు."

"తొంభై మూడా?"

"అవునే. సారు సంతకం గూడ పెట్టిండు. క్యాన్ల మీద అతికిచ్చే లేబులు నమూనా అచ్చైంది, నీ ఫోటో మంచిగొచ్చింది. రేపు ఓసారి రా, చూపిస్త."

కట్టమ్మ ఫోను పెట్టి, ఏమీ లేనట్టు చెంచా అందుకుంది. రెండు ముద్దలు తిన్నాక ఇక ఆగలేక, "తొంభై మూడు మార్కులంట," అని మల్లక్కతో అంది.

"నీ బిడ్డకా?"

"నాకే."

మరునాడు కట్టమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని రెండు బస్సులు మారి మడికొండలో దిగింది. కొత్తగా లేచిన మేడల మధ్య ఆ ఇల్లు మామూలు ఇల్లులాగే ఉంది. తలుపు తీస్తే మాత్రం లోపల కుండీల్లో చిక్కుడు మొక్కలు, బల్లల నిండా వెడల్పాటి గాజు గిన్నెలు. తెల్లకోటు వేసుకున్న కూతురు ఎదురొచ్చింది. ఆ కోటులో తిరుమలను చూడటం ఇదే మొదలు. భుజం దగ్గర ఒక కుట్టు ఊడి ఉంది. సర్దుదామని చెయ్యి చాచబోయింది కట్టమ్మ.

"అమ్మా, చేతులు. ఏదీ ముట్టకు," అంది తిరుమల గబుక్కున. "వెనక్కి కట్టుకో."

గోడ మీద ఇంచార్జి హరికృష్ణ సారు రాత బోర్డు ఉంది. కూతురు చదివి వినిపించింది. "వేప, పొగాకు తాకిన చేతులతో లోపలి వస్తువులు ముట్టరాదు."

"పొద్దుగాల సబ్బు పెట్టి కడుక్కున్ననే."

"నీ చేతులకు సబ్బుతోని పోతదా? నువ్వే అంటవు గదా. అవి తగిల్తే లెక్క చెడిపోతది."

కట్టమ్మ బడిపిల్లలా చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య నడిచింది. తిరుమల ముందు లేబులు చూపించింది. పసుపు కాగితం మీద తలకు కొంగు చుట్టుకుని రోకలి పట్టుకున్న కట్టమ్మ బొమ్మ. బొమ్మ కింద పెద్ద అక్షరాలు. కట్టమ్మ కూడబలుక్కుంది. "మి...త్ర...నల్లికి... హాని... లేదు."

"నేనన్నట్టే రాసిర్రు."

"నువ్వన్నట్టే. ఇది అతికిస్తే మూడు మండలాల సంఘాలు మన కషాయమే తీసుకుంటయంట. రేపు మీటింగుల ఖాయం చేస్తరు."

తరువాత గిన్నెలు చూపించింది. తడిపిన దూది మీద చిక్కుడాకు, ఆకు మీద తిండికి మామూలు నల్లులు, వాటిని తినడానికి పది మిత్రనల్లులు. చుట్టూ తడి ఉంటే అవి ఆకు దిగి పోలేవు. పది ఆకులకు నీళ్లు కొట్టారు, పది ఆకులకు కషాయం. ఒక రోజు గడిచాక సన్నని కుంచె వెంట్రుకతో ఒక్కొక్కదాన్నీ తట్టి చూడాలి. కదిలితే బతికినట్టు, కదలకపోతే చచ్చినట్టు.

"అంత సన్నగ తట్టాల్నా? చెయ్యి వణుకదా?"

"నీ చెయ్యే వచ్చింది నాకు. వణుకది," అంది తిరుమల.

గిన్నెలు కడగడానికి పక్కన పెట్టి ఉన్నాయి. మందు కొట్టి మూడో రోజు. తిరుమల అందులోంచి నీళ్లు కొట్టిన గిన్నె ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కట్టమ్మ వంగింది. మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయి. తల కొంచెం అటూ ఇటూ జరిపాక ఆకు ఈనె పెద్ద కాలువ గట్టులా లేచింది. దాని వెంబడి గడ్డిరంగు పురుగు ఒకటి ఉరికింది, వెనక ఇంకొకటి.

"అవ్వో, ఏం ఉరుకుడే. ఈనె పొంటి తెల్లగ మెరుస్తానయి, ఏంది?"

"గుడ్లమ్మా. రోజుకొకటి రెండు పెడ్తయి."

"మస్తున్నయి." కట్టమ్మ చాలాసేపు అలాగే చూసింది. "ఇప్పుడు నాది పెట్టు."

కూతురు గిన్నె మార్చింది. ఈ ఆకు మీదా పురుగులు తిరుగుతున్నాయి. కొంచెం మెల్లగా తిరుగుతున్నాయేమో అనిపించింది. కట్టమ్మ ఈనె వెంట మొదలు నుంచి కొస దాకా చూపు నడిపింది. గింజల్లో రాళ్లు ఏరేటప్పుడు చాట మీద చూపు నడిపినట్టే. కొస నుంచి మళ్లీ మొదటికి వచ్చింది.

"బిడ్డా, దీని మీద గుడ్లేవే?"

"ఉంటయి, సరిగ్గ చూడు."

"రెండుసార్లు చూసిన. ఒక్కటుంది."

తిరుమల తల్లిని పక్కకు జరిపి వంగింది. చాలాసేపు లేవలేదు. లేచి, కషాయం గిన్నె ఇంకొకటి తెచ్చింది. తరువాత ఇంకొకటి. తరువాత నీళ్ల గిన్నె. ఒక కాగితం తీసుకుని గీతలు పెట్టడం మొదలుపెట్టింది. కట్టమ్మ స్టూలు మీద చేతులు వెనక్కి కట్టుకునే కూర్చుంది. కూతురు ఒక్క ఆకును కూడా వదలకుండా ఇరవై ఆకులూ చూసింది. మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు. పదిసార్లతో ఆపకుండా పదిహేనోసారి కూడా మూట పిండే మనిషి తనలాగే ఇంకొకరున్నారని కట్టమ్మకు ఇన్నాళ్లకు కనబడింది.

రెండున్నర గంటల తరువాత తిరుమల పెన్ను కింద పెట్టింది. "నీళ్ల ఆకుల మీద నాలుగు వందల పన్నెండు గుడ్లు. కషాయం ఆకుల మీద యాభై ఏడు." కాగితం తల్లి వైపు తిప్పింది. "బతుకుతానయమ్మా. కాని గుడ్లు పెడ్తలేవు."

"అంటే ముసలివైనంక..."

"వెనక ఇంకేం ఉండయి. పదిహేను రోజులల్ల ఖాళీ."

పదిహేను రోజులు. కట్టమ్మకు సైకిలు మీద వంగిన వీపు కనబడింది.

హరికృష్ణ సారు మధ్యాహ్నం వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. రైతు పిలిస్తే ఎండైనా వానైనా బండేసుకుని పోతాడు. కాగితం చూసి నుదురు రుద్దుకున్నాడు.

"తిరుమలా, మనల్ని అడిగింది ఎన్ని సచ్చినయని. ఫారంల గుడ్ల గడి ఉన్నదా?"

"లేదు సార్."

"మరి లేని గడి ఎట్ల నింపుతవు? నేను సంతకం పెట్టిన, రిపోర్టు సంఘానికి పోయింది. లేబులు అచ్చైంది. పైగా మీ అమ్మ మందేనాయె. మీరే అడ్డం పడ్తే ఎట్లమ్మా?" చివరి మాట కట్టమ్మ వైపు తిరిగి, మర్యాదగానే అన్నాడు. "ఇది ఇక్కడ్నే ఉండనియ్యండి."

తిరుమల కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. సారు ముఖం వైపు గానీ తల్లి ముఖం వైపు గానీ చూడలేదు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. బస్సు కాజీపేట దాటింది.

"నాకు ముందే కనబడాలె. మూడు రోజులు నా ముందట్నే ఉన్నయి," అంది తిరుమల. "గడి లేదని చూళ్లే."

"కనబడ్డంక ఇరవై ఆకులు లెక్కవెట్టినవు. సారైతే రెండు చూసి అంచనేస్తుండే."

"రేపు చెప్తే నీ లేబులు పోతది. షెడ్డు ఆగుతది. మల్లత్త వాళ్లేమంటరు?"

కట్టమ్మ లెక్క వేరే నడుస్తోంది. అందరికీ మిత్రనల్లి ఇచ్చారు, అందరికీ కషాయం ఇచ్చారు. మరి మొగిలి తోటలోనే ఎందుకు పోయాయి? తక్కినవాళ్లు బద్ధకించి పదిహేను రోజులకో, నెలకో కొడతారు. మొగిలి ఒక్కడే చెప్పినది చెప్పినట్టు అయిదో రోజుకు అయిదో రోజు వచ్చి క్యాను పట్టుకుపోయేవాడు. ఆకు అడుగు భాగం తడిసేటట్టు కొట్టమంటే, వంగి వంగి అడుగునే కొట్టేవాడు. అందరికంటే మాట విన్నవాడి పేరే కొట్టేశారు. కొట్టేయించింది తను.

సాయంత్రం మల్లక్కకు చెప్పింది. మల్లక్క చాటలో గింజలు ఏరుతూ అంతా విన్నది.

"అక్కా, ఆ గుడ్లు నీకు గాక ఎవలకు కనబడ్డయి?"

"నా బిడ్డకు."

"మీరిద్దరు సప్పుడు జెయ్యకుంటే అయిపాయె గదా. కండ్లకు కనబడని పురుగు, దానికి కనబడని గుడ్డు. దానికోసం మన అయిదుగురి పొట్టలు ఎందుకు కొడ్తవే?"

"లేబులు మీద నీ మొఖముంటే ఏం జేస్తుంటివి?"

"నా మొఖం ఎవలేస్తరు," అంది మల్లక్క. చాట పక్కన పెట్టింది. "ఎల్లుండి నుంచి నేను తిట్టుకుంట మూట పిండుత. పిండుడు మాత్రం ఆపను. పో."

మీటింగు మరునాడు పొద్దున పంచాయతీ ఆఫీసు పక్క గదిలో జరిగింది. ముప్పైమంది దాకా రైతులు వచ్చారు. సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ రావు పసుపు లేబులు అందరికీ చూపించి, "మన ఊరి ఆడోళ్ల మందు, ఇగ మూడు మండలాలకు పోతది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక గోడకానుకుని నిలబడ్డ తిరుమల చెయ్యెత్తింది. ఎవరూ చూడలేదు. రెండోసారి ఎత్తి, "సార్, ఒక లెక్క చెప్పేదుంది," అంది.

హరికృష్ణ తల వంచుకున్నాడు. తిరుమల మడిచిన కాగితం విప్పి, పొడిపొడిగా, తొంభై మూడు నుంచి యాభై ఏడు దాకా చదివింది. గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"చూడు బిడ్డా," అన్నాడు రాజేశ్వర్ రావు ఓపికగా. "ఇది చెట్టు మందు. గింజల రసం. దాంతోని హాని ఏముంటది? మన తాతల కాడ్నుంచి వాడుతలేమా? నువ్వు కొత్తగ సదువుకున్నవు, ఏదో ఒకటి కనబడ్తది. మీ అమ్మనే అడుగు."

ముందు వరుసలో కూర్చున్న కట్టమ్మ లేచింది.

"అడుగుండ్రి సారూ, చెప్త. నిన్న లాబుకు పోయిన. నా చేతులు ఎనక్కి కట్టుకొమ్మన్నరు. వేప ముట్టిన చెయ్యి ఏదీ ముట్టొద్దని గోడకు బోర్డు రాసి పెట్టిర్రు. ఎవలు రాసిర్రు? మన హరికృష్ణ సారే." ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. గోళ్ల చుట్టూ పసుపుపచ్చ మరక. "పొద్దుగాల్నే కడుక్కున్న చెయ్యి ఇది. ఇది తగిల్తేనే మిత్రనల్లి లెక్క చెడిపోతదంటే, డ్రమ్ముల కొద్ది నేను పిండిన మందు ఆకంత తడిపితే దానికేం గాదని నా మొఖం కింద ఎట్ల రాస్తరు?"

ఒకరిద్దరు రైతులు హరికృష్ణ వైపు తిరిగారు.

"తల్లిపాల అసొంటిదన్న, ఇదే జాగల నిలబడి," అంది కట్టమ్మ. "నాకు తెల్వక అన్న. మొగిలన్న తెలిసి ఒట్టేసిండు. ఆయనది నిజం, నాది తప్పు. ఆయన పేరు తిరిగి రాయుండ్రి. తర్వాత నా లేబులు సంగతి."

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే కషాయం బందు పెట్టుమంటవా ఏంది?"

"ఎందుకు బందు?" కట్టమ్మ గొంతు ఒక మెట్టు పైకి లేచింది. "నా కషాయం ముందట రసం పీల్చే పేనుబంక నిలుస్తదా? ఇరవై ఎకరాల తోట బతికిచ్చిన. అది మందు సారూ. మందన్నంక ఎప్పుడు కొట్టాలె, ఎప్పుడు ఆగాలె ఉంటది. గది రాయుండ్రి. నా ఫోటో తియ్యకుండ్రి, దాని కిందనే రాయుండ్రి. మిత్రనల్లి ఇడిసిన చేన్ల ఇది కొట్టొద్దని. కొట్టినంక ఎన్నొద్దులు ఆగాల్నో నా బిడ్డ లెక్కవెట్టి చెప్తది."

"కొట్టిన మూడు రోజులకు, ఏడుకు, పదికి, పద్నాలుగుకు మిత్రనల్లిని పెట్టి చూడాలె," అంది వెనక నుంచి తిరుమల. "ఒక నెల పడ్తది."

"నెల దాక మూడు మండలాలోళ్లు ఆగుతరా?" అని ఎవరో అన్నారు.

"ఆగకపోతే పోనియ్యి," అన్నది మల్లక్క. ఆమె ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడిందో ఎవరూ చూడలేదు. "మాకు పిండుడొచ్చు. అద్దాల కింద గుడ్లు చూసుడు గూడ వస్తాంది ఇప్పుడు."

ఈసారి నవ్వు గది నిండా పాకింది. హరికృష్ణ నవ్వలేదు. అతను సంచిలోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి, దాని మీద స్కేలు పెట్టి, చచ్చినవి అనే గడి పక్కన పై నుంచి కిందికి నిలువుగా ఒక గీత గీశాడు. పైన చిన్న అక్షరాలతో గుడ్లు అని రాశాడు. తిరుమలను పిలిచి చేతికిచ్చాడు. "ఇట్ల ఇరవై కాపీలు తీయించు," అన్నాడు. ఆపై, "నిన్నటి లెక్క గూడ దీంట్లెనే ఎక్కియ్యి. మళ్ల సంతకం పెడ్త," అన్నాడు.

తిరుమల ఆ కాగితాన్ని అటూ ఇటూ చూసి, ముందు వరుసలో తల్లికి చూపించింది. కట్టమ్మ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకునే వంగి ఆ కొత్త అక్షరాలు రెండూ కూడబలుక్కుంది.

రెండు రోజుల తరువాత, ఎండ పడక ముందే, మొగిలి తోట గట్టు మీద కట్టమ్మ నిలబడింది. చంకలో తవుడు డబ్బా. చేతికి కొంగు చుట్టుకుని పట్టుకుంది. మొగిలి మొక్కల మధ్య వంగి ఎండాకులు ఏరుతున్నాడు. చూసి కూడా లేవలేదు.

"అన్నా."

"ఊరంత చెప్పిర్రు. ఇంక నువ్వేం చెప్పకు," అన్నాడు మొగిలి.

"చెప్పెటందుకు రాలే. డబ్బ తెచ్చిన."

అతను లేచాడు. ఎకరన్నరలో సగం మొక్కల ఆకులు పడవల్లా కిందికి ముడుచుకుని ఉన్నాయి. మిగతా సగం ఇంకా పచ్చగా, పూత మీద ఉంది.

"కషాయం కొట్టి ఎన్నొద్దులైంది?" అనడిగింది.

"నెలాయె. మీరిస్తే గదా కొట్టెటందుకు."

మాట తగలాల్సిన చోటే తగిలింది. కట్టమ్మ దాన్ని తుడుచుకోలేదు. "మంచిదైంది. చేను సాఫున్నది. ఇయ్యాల ఇడిస్తే నిలబడ్తయని తిర్మల అన్నది. నువ్వే చల్లు. నా చేతులు చేదు."

మొగిలి దగ్గరికి వచ్చి డబ్బా అందుకున్నాడు. మూత తీసి, కళ్లు చికిలించి చూశాడు. తవుడు తప్ప ఏమీ కనబడలేదు. "ఉన్నయంటవా దీంట్ల?"

"ఉన్నయి. బగ్గ ఉరుకుతయి. నేను చూసిన."

అతను నమ్మినట్టు తలూపి మొదటి సాలులోకి దిగాడు. మూడు వేళ్లతో చిటికెడు తవుడు తీసి, ముడుచుకున్న ఆకుల మీద విభూతి చల్లినట్టు మెల్లగా రాల్చాడు. తరువాతి మొక్క. మళ్లీ చిటికెడు. కట్టమ్మ పక్క సాలులో అతనితో సమంగా నడిచింది. ఏ ఆకూ తన చేతికి తగలకుండా, ల్యాబులో కూతురు నేర్పినట్టే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

మొగిలి ఓరకంట చూశాడు. "ఏం నడక చెల్లె అది. తనిఖీకొచ్చిన కలెక్టరు లెక్క."

"అవును మరి. సరిగ్గ చల్లుతానవో లేదో చూడాలె," అంది కట్టమ్మ. "గా మొక్క ఇడిసిపెట్టినవు. ఎనక్కి రా."

అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. నిజంగానే ఒకటి వదిలేశాడు. రెండడుగులు వెనక్కి వేసి దాని మీద చిటికెడు రాల్చాడు. తరువాత ఇద్దరూ సాలు చివర దాకా అలాగే నడిచారు.